ఊరిలోని ఉమ్మడి ఇంటి వాటా పట్టణ గృహ పథకానికి అడ్డవుతుందా?

విజ్ఞులకు నమస్కారం. విజయనగరం దాసన్నపేటలో ఒక గది, వంటిల్లు ఉన్న అద్దె వాటాలో మేము నలుగురం ఉంటున్నాము. బట్టల కొట్టులో గుమాస్తాగా నాకు వచ్చే 14 వేల రూపాయలలో 5 వేలు అద్దెకే పోతున్నాయి. ఇక పట్టణ శివార్లలో స్థలం ధర అడగడానికే ధైర్యం చాలడం లేదు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో దశలో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారు ఆర్థికంగా బలహీన వర్గం కిందికి వస్తారనీ, అయితే ఆ కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదనీ చదివాను. మా చిక్కు అక్కడే ఉంది. చీపురుపల్లి వైపు మా ఊరిలో తాతగారి నాటి మట్టిగోడల పెంకుటిల్లు, అదీ ఒక పక్క కూలినది, ముగ్గురు అన్నదమ్ములకు ఉమ్మడిగా ఉంది. పంపకాలు కాలేదు, ఇంటి పన్ను పెద్దన్నయ్య పేరున వస్తుంది. దరఖాస్తు తీసుకునే చోట ఒకరు ఇది అడ్డు కాదన్నారు, మరొకరు ఫారం ముట్టుకోకుండానే వెనక్కి పంపారు.

ఇటువంటి వాటాను పక్కా ఇల్లుగా లెక్కిస్తారా? స్వీయ ప్రమాణపత్రం సరిపోతుందా, లేక తహసీల్దారు ధ్రువీకరణ కావాలా? ఈ పరిస్థితిలో ఇల్లు మంజూరైనవారు ఏ కాగితాలు జతచేశారో దయచేసి తెలుపగలరు.