లీ సలోంగాని బ్రాడ్‌వే రాకుండా ఆపాలని చూడటం: యూనియన్ తప్పా, ఒప్పా?

తెరవెనక:
మిస్ సైగాన్ (వియత్నాం యుద్ధం నేపథ్యంలో సాగే పాటల నాటకం) గొడవ గురించి మళ్లీ చదివాక ఒళ్లు మండి ఈ చర్చ మొదలుపెడుతున్నా. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: ఫిలిప్పీన్స్‌లోని మనీలా అమ్మాయి లీ సలోంగా 1989లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో అందులో హీరోయిన్ కిమ్ పాత్ర వేసి, పాడి, అక్కడి పెద్ద నాటక అవార్డు ఆలివియర్ తీసుకుంది. నాటకం న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే బ్రాడ్‌వేకి వెళ్లే టైంకి అక్కడి నటుల యూనియన్ ఈక్విటీ అడ్డం పడింది. ముందు జొనాథన్ ప్రైస్‌ని వద్దంది (తెల్ల నటుడు, వేసేది సగం ఆసియా రక్తం ఉన్న 'ఇంజినీర్' అనే పాత్ర), ఆ తర్వాత సలోంగానీ వద్దంది, ఆ చాన్స్ ఆసియన్ అమెరికన్ నటీమణులకే రావాలని. నా దృష్టిలో రెండూ ఒకే తప్పు. పాత్రకి ఎవరు పనికొస్తారో నాటకం తీసేవాళ్లు చూసుకుంటారు, మధ్యలో యూనియన్‌కేం పని?

ఎనిమిదోషో:
రెండూ ఒకటే ఎలా అవుతాయండీ? లండన్‌లో ప్రైస్ మొదట్లో కళ్ల దగ్గర అతికింపులు పెట్టుకుని, ఒంటికి రంగు పూసుకుని వేశాడు. బి.డి. వాంగ్ లాంటి ఆసియన్ అమెరికన్ నటుడు, అప్పటికే టోనీ (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద అవార్డు) గెలిచినవాడు, ఊరికే గొంతెత్తలేదు కదా. ఆసియా వాళ్లకి పెద్ద పాత్రలు వచ్చేదే అరుదు, ఆ వచ్చిన ఒక్కటీ రంగు పూసి ఇంకొకరికి ఇస్తే ఇక వాళ్లు ఏం వేయాలి, ట్రేలు మోసే పాత్రలా?
సలోంగా సంగతి వేరు. అక్కడ అడ్డొచ్చింది పాస్‌పోర్ట్.

నేపథ్యగానం:
పాస్‌పోర్టే, కాదనను. కానీ యూనియన్ ఉన్నదే దానికోసం. బయటి దేశం నటుల్ని తేవాలంటే వాళ్లు పెద్ద స్టార్ అయినా అయ్యుండాలి, ఆ పని ఇంకెవరూ చేయలేరన్నా చూపించాలి. సలోంగా ఏడేళ్లకే మనీలాలో స్టేజి ఎక్కింది, పదేళ్లకి ఆల్బమ్ చేసింది, అంతా నిజమే, కానీ అప్పటికి న్యూయార్క్‌లో ఆమె ఎవరికి తెలుసు? ఆడిషన్లకి తిరిగి తిరిగి అలిసిపోయిన ఆసియన్ అమెరికన్ అమ్మాయి వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. ఇన్నాళ్లకి తనకి సరిపోయే హీరోయిన్ పాత్ర ఒకటి వచ్చింది, అదీ విమానం దిగిన మనిషికే పోయింది. కడుపు మండదా?

తెరవెనక:
మండుతుంది. కానీ రోజూ గొంతు చించుకుని పాడాల్సిన ఆ పాత్రని లండన్‌లో నిలబెట్టిన మనిషిని కాదంటే, "ఇంకెవరూ చేయలేరు" అన్న రూల్‌కి ఇక అర్థం ఏముంది? మధ్యవర్తి కూడా చివరికి ఆమె వైపే తీర్పిచ్చాడు. ప్రైస్ విషయంలో అయితే యూనియన్ పది రోజులు కూడా సరిగ్గా నిలబడలేదు. 1990 ఆగస్టులో నిర్మాత కామెరన్ మాకింతోష్ అసలు నాటకమే రద్దు అన్నాడు. ముందుగా అమ్ముడైన టికెట్లే సుమారు రెండున్నర కోట్ల డాలర్లవి. ఈక్విటీ దెబ్బకి దిగొచ్చింది. 1991లో ఇద్దరికీ టోనీలొచ్చాయి, గొడవ చల్లారింది.
ఇంకోటి అడుగుతా. 1993లో సలోంగా బ్రాడ్‌వేలో లే మిజరబుల్స్ అనే ఇంకో పాటల నాటకంలో ఎపొనీన్ వేసింది. ఎపొనీన్ ఫ్రెంచి పిల్ల. దానికి చప్పట్లు కొట్టి ప్రైస్‌ని మాత్రం తిట్టడం ఏం న్యాయం?

ఎనిమిదోషో:
ఈ వాదన ప్రతి చర్చలో వస్తుంది, ప్రతిసారీ నాకు నీరసం వస్తుంది. ఫ్రెంచి పాత్రలు, ఇంగ్లిష్ పాత్రలు తెల్లవాళ్లకి కొల్లలు, ఒకటి పోతే పది. అవతలివాళ్లకి ఉన్నదే ఒకటి. నీళ్లు నిండుగా ఉన్న చెరువులో చెంబుడు ముంచుకోవడం, ఎండిన బావిలో అడుగున ఉన్న చెంబుడు తోడుకుపోవడం ఒకటేనా?
పైగా సలోంగా ఎపొనీన్ వేసినప్పుడు మొహానికి తెల్లరంగేం పూసుకోలేదు.

పాతటికెట్టు:
ఇంతసేపూ ఎవరూ జాన్ జాన్ బ్రియోనెస్ పేరే ఎత్తలేదు. మనీలాలో మిస్ సైగాన్ ఆడిషన్లు జరుగుతుంటే అక్కడ చిన్నచిన్న పనులు చేసిపెట్టే కుర్రాడు. నువ్వూ పాడిచూడు అన్నారు, పాడాడు, లండన్ నాటకంలో గుంపుగా పాడేవాళ్లలో చోటు దొరికింది. 2014లో లండన్‌లో మళ్లీ వేసినప్పుడు ఇంజినీర్ ఎవరో తెలుసా? ఆయనే. 2017లో బ్రాడ్‌వేలోనూ ఆయనే. ప్రైస్ కోసం యుద్ధం చేసిన అదే నిర్మాత, అదే పాత్ర. అంటే ఇంజినీర్ పాత్రకి ఆసియా నటుడు దొరకలేదని నాటకం వాళ్లు చెప్పుకున్న మాట ఎంతవరకు నిజమో మీరే చూసుకోండి. గుంపులో వెనక వరసలో పాడుతున్నాడు!
నా మట్టుకు నాకు ప్రైస్ విషయంలో యూనియన్‌ది ఒప్పు, సలోంగా విషయంలో తప్పు. కానీ ఆమె వెళ్లడంతో అందరికీ దారి పడిపోయిందంటే ఒప్పుకోను. కిమ్ అంటే బార్లో పనిచేసే పదిహేడేళ్ల పిల్ల, చివర్లో బిడ్డ కోసం ప్రాణం తీసుకుంటుంది. ఆ తర్వాత ఎంతమంది ఆసియా అమ్మాయిలు కెరీర్ మొత్తం అలాంటి పాత్రల్లోనే ఏడ్చారో!

నేపథ్యగానం:
బ్రియోనెస్ సంగతి బాగా చెప్పారు, కానీ అది నా మాటకే బలం. లండన్‌లో ఆ పాత్ర చేతికి రావడానికి పాతికేళ్లు ఆగాల్సి వచ్చిందంటే, యూనియన్ ఆ రోజు ఇంకో వారం గట్టిగా నిలబడి ఉండాల్సింది.

తెరవెనక:
నిలబడి ఉంటే నాటకమే రాదు సార్. బ్రియోనెస్‌కి వెనక వరస కూడా ఉండేది కాదు అమెరికాలో. సలోంగా 2023లో హియర్ లైస్ లవ్‌కి నిర్మాతల్లో ఒకరైంది, అందరూ ఫిలిపినో నటులే ఉన్న నాటకం, బ్రాడ్‌వేలో. ఆమెని 1991లో మనీలాకి తిప్పి పంపించి ఉంటే ఆ డబ్బు ఎవరు పెట్టేవాళ్లో చెప్పండి.