ఒక్కరే నటించే నాటకంలో ముప్పైకి పైగా పాత్రలు: ఎలా విడదీయాలి?

ప్రశ్న: డగ్ రైట్ ‘ఐ యామ్ మై ఓన్ వైఫ్’ సాధన చేస్తున్నాం. నల్ల గౌను, ముత్యాల దండ మార్చకుండానే మగవాడిగా పుట్టి ఆడమనిషిగా బతికిన జర్మన్ షార్లెట్ ఫాన్ మాల్స్‌డార్ఫ్, నాజీలు, స్టాసీ (తూర్పు జర్మనీ రహస్య పోలీసు) ఏజెంట్లు, అమెరికన్ రచయిత అందరూ కనబడాలి. గొంతులు మారుస్తున్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలియట్లేదు.

తెరచాటు: గొంతు సంగతి చివర చూసుకోండి, ముందు చూపు సరిచేసుకోండి. ఒక్కో పాత్రకి హాల్లో ఒక్కో బిందువు పెట్టుకోండి. ఇద్దరి సంభాషణకి మధ్య నుంచి అటూ ఇటూ ఇరవై, ముప్పై డిగ్రీలు చాలు. అంతకు మించితే పక్క సీట్లవాళ్ళకి చెవే కనిపిస్తుంది. మాట పూర్తిచేసి, తిరిగి, ఊపిరి తీసుకుని అప్పుడు అందుకోవాలి. మాట మధ్యలో తిరిగితే ఆఖరి ముక్క ఎవరిదో అర్థం కాదు.

పాతహార్మోనియం: దానికి తోడు ఏకపాత్రాభినయం అలవాటు కూడా దెబ్బ తీస్తుంది. దుర్యోధనుడు ఎదుటివాడి జవాబు కోసం ఆగడు, ఇక్కడ ఆ జవాబూ మీరే చెప్పాలి. ముత్యాలని తడిమే అలవాటు షార్లెట్‌కే ఉంచండి. కంగారులో స్టాసీ ఏజెంటు కూడా తడిమాడో, ఇక ఆ గుర్తు పనికిరాదు.

తెరచాటు: ఇంకోటి. షార్లెట్‌ని వీరనారిని చేయకండి. నాజీలు, తూర్పు జర్మనీ కమ్యూనిస్టులు, ఈ రెండు నియంతృత్వాల కింద గౌనులోనే బతికింది, నిజమే. కానీ స్టాసీకి సమాచారం ఇచ్చినట్టు ఫైళ్ళలో బయటపడింది. ఆ ఘట్టంలో గొంతు వణికించొద్దు, తను సేకరించిన గ్రామఫోన్ల గురించి చెప్పినంత మామూలుగా చెప్పించండి. అన్నట్టు, తెలుగులో వేస్తే అనువాద హక్కులు ముందే తీసుకోవాలి.