25 ఏళ్ల సర్వీసుతో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుంటే పెన్షన్ ఎంతొస్తుంది?

కృష్ణాతీరం: అందరికీ నమస్తే. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, 2000లో చేరాను కాబట్టి పాత పెన్షనే. వయసు 51, బేసిక్ 60,400. అమ్మ మంచం పట్టింది, అటు ఆఫీసు ఇటు ఇల్లు ఇక నా వల్ల కావట్లేదు. స్టేట్‌లో టీచరుగా చేసే మా బావగారు 66తో భాగించి, నీకు 50 అర్ధ సంవత్సరాలే కాబట్టి 22,879 వస్తుందని తేల్చేశారు. ఆఫీసులో ఒకాయనేమో సర్వీసుకి ఐదేళ్లు ఉచితంగా కలుపుతారంటున్నాడు. ఒకటే టెన్షన్, ఎవరి మాట నమ్మాలి?

పాతఫైలు: మీ విషయంలో ఇద్దరిదీ తప్పే. బావగారిది రాష్ట్రం లెక్క, అక్కడ ఫుల్ పెన్షన్‌కి 33 ఏళ్లు, అంటే 66 అర్ధ సంవత్సరాలు ఉండాలి. కేంద్రంలో ఆరో పే కమిషన్ తర్వాత ఆ 33 ఏళ్ల లంకె తీసేశారు, ఆ ఐదేళ్లు అదనంగా కలిపే వెయిటేజీ కూడా దాంతోపాటే పోయింది. 20 ఏళ్ల క్వాలిఫైయింగ్ సర్వీసు (పెన్షన్ లెక్కలోకొచ్చే సర్వీసు) ఉంటే చివరి బేసిక్‌లో సగం, లేదా చివరి పది నెలల సగటులో సగం, ఏది ఎక్కువైతే అది. అంటే మీకు 30,200, ఆ పైన డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం). సర్వీసు తక్కువైతే దెబ్బ తగిలేది గ్రాట్యుటీకి (రిటైరయ్యేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తానికి), ప్రతి ఆర్నెల్లకీ బేసిక్ ప్లస్ డీఏలో పావు వంతు కాబట్టి మీకు పన్నెండున్నర నెలల జీతమే వస్తుంది, 33 ఏళ్లు చేసినవాళ్లకి పదహారున్నర. రాబోయే ఇంక్రిమెంట్లు పోవడం అసలు నష్టం, దాన్ని ఎవరూ లెక్కెయ్యరు.

రిటైరైన అక్క: నేనూ ఇలాగే బయటికొచ్చాను తమ్ముడూ. మూడు నెలల నోటీసివ్వాలి కదా, మీ ఇంక్రిమెంట్ జులైలో అయితే అది పడ్డాకే రిలీవయ్యేలా తేదీ చూసుకోండి. కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) 40 శాతం దాకా చేసుకోవచ్చు గానీ ఆ మేరకు నెలనెలా పెన్షన్ తగ్గిపోతుంది, మళ్లీ పూర్తిగా రావాలంటే 15 ఏళ్లు ఆగాలి. అన్నిటికంటే ముందు సర్వీసు బుక్కు తిరగేయండి, మెడికల్ సర్టిఫికెట్ లేకుండా పెట్టిన జీతం లేని సెలవులు మామూలుగా క్వాలిఫైయింగ్ సర్వీసులోకి రావు.

కొత్తబ్యాచ్: నేను 2005లో చేరా, యూపీఎస్‌లో (ఏకీకృత పెన్షన్ పథకంలో) ఉన్నా. నాకూ ఇంతేనా?

పాతఫైలు: కాదండీ. దాంట్లో 25 ఏళ్లకి గానీ పూర్తి మొత్తం రాదు, పైగా ముందే మానేస్తే మామూలుగా రిటైరవ్వాల్సిన తేదీ నుంచే డబ్బు మొదలవుతుంది. అప్పటిదాకా ఇల్లు ఎలా గడుస్తుందో చూసుకోండి.

కృష్ణాతీరం: థాంక్స్ అక్కా, థాంక్సండీ. నాది జులై ఇంక్రిమెంటే. 2009లో నాలుగు నెలలు జీతం లేని సెలవు పెట్టాను, కామెర్లు వచ్చి. ఆ సర్టిఫికెట్ ఏ ట్రంకుపెట్టెలో ఉందో వెతకాలిప్పుడు.