పీహెచ్‌డీ చివరి ఏడాది: కంపెనీల ముందు మన పనిని ఎలా చెప్పుకోవాలి?

ఆర్గానిక్ కెమిస్ట్రీ స్కాలర్, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. పలాడియం ఉత్ప్రేరకంతో సి–హెచ్ (కార్బన్–హైడ్రోజన్) బంధాలను నేరుగా మార్చే పద్ధతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఐదో సంవత్సరం. థీసిస్ సగానికి పైగా రాశాను. మూడు పేపర్లు వచ్చాయి, రెండింటిలో నాదే మొదటి పేరు. మా గైడ్ పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధనకు) వెళ్లమంటున్నారు కానీ ఇంటి పరిస్థితుల వల్ల ఇక్కడే ఫార్మాలో ఉద్యోగం చూసుకోవాలి. ప్రకటన కనిపించినప్పుడల్లా ఆరు పేజీల సీవీ పంపుతున్నాను. చాలాచోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక కంపెనీ వాళ్లు మాత్రం ఫోన్ చేసి "మీ పరిశోధన మాకు ఎలా పనికొస్తుంది?" అని అడిగారు. థీసిస్ శీర్షిక చెప్పాను. "సరే, మళ్లీ చెబుతాం" అన్నారు. అంతే.

నా గురించి నేను చెప్పుకోవడమంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టే అనిపిస్తుంది. సీవీలో ఏం మార్చాలి? లింక్డ్‌ఇన్ వల్ల నిజంగా ఉపయోగం ఉందా? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ప్రాసెస్ కెమిస్ట్, జీనోమ్ వ్యాలీ:

అమ్మా, ఫోన్‌లో అడిగినది మంచి ప్రశ్నే. దానికి రెండు వాక్యాల్లో జవాబు సిద్ధం చేసుకుంటే సగం పని అయినట్టే. మా బృందంలోకి మనుషులను తీసుకునేటప్పుడు సీవీలు చూసేవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ సీవీని మొదట చూసేది కెమిస్ట్ కాదు. హెచ్ఆర్ విభాగంలో ఎవరో, కొన్నిచోట్ల సాఫ్ట్‌వేరే, ప్రకటనలోని మాటలు మీ కాగితంలో ఉన్నాయా లేవా అని చూస్తారు. బహుళ దశల సింథసిస్, అణువుల నిర్మాణం చూసే ఎన్ఎమ్ఆర్, శుద్ధత చూసే హెచ్‌పీఎల్‌సీ, స్కేల్-అప్ (ప్రయోగాన్ని పెద్ద మోతాదుకు పెంచడం) వంటివి నాలుగో పేజీలో ఎక్కడో ఉంటే లేనట్టే లెక్క. రెండు పేజీలకు కుదించండి. పేపర్ల జాబితా విడి కాగితం మీద పెట్టండి. మొదటి పేజీ పై భాగంలో మీరు చేతులతో ఏం చేయగలరో ఉండాలి. సెమినార్లకు హాజరైన సర్టిఫికెట్లు, పదో తరగతి మార్కులు తీసేయండి.

ఇంకో సంగతి. "ఫార్మా ఉద్యోగం" అని ఒకటే రకం లేదు. కొత్త మందుల అన్వేషణలో ఉన్న మెడిసినల్ కెమిస్ట్రీ బృందానికి కావలసింది వేగం. కొన్ని మిల్లీగ్రాముల చొప్పున ఎన్ని అణువులు, ఎంత శుద్ధంగా, ఎంత త్వరగా చేసి ఇవ్వగలరు అన్నదే వాళ్లు చూస్తారు. ప్రాసెస్ విభాగంలో మా గోల వేరు. అదే అణువు కిలోల్లో, తక్కువ ఖర్చుతో, ప్రమాదం లేకుండా, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకేలా రావాలి. ఈ రెండింటికీ ఒకే సీవీ పంపితే ఇద్దరికీ మీరు పరాయివాళ్లే.

మిమ్మల్ని నేను ఇంటర్వ్యూ చేస్తే ఏం అడుగుతానో చెబుతాను. కాలమ్ క్రొమటోగ్రఫీ లేకుండా ఈ పదార్థాన్ని ఎలా శుద్ధి చేస్తారు? ల్యాబ్‌లో ద్రావణిగా డైక్లోరోమీథేన్ వాడారు, దానికి బదులు ఏం వాడవచ్చు? మైనస్ 78 డిగ్రీల దగ్గర చేసిన దశను మైనస్ 20 దగ్గర చేసి చూశారా? ఇక మీది పలాడియం పని కాబట్టి, చివరి పదార్థంలో ఎంత పలాడియం మిగిలింది, దాన్ని ఎలా తీస్తారు అని తప్పకుండా అడుగుతాను. నోటితో తీసుకునే మందుల్లో పలాడియానికి రోజుకు 100 మైక్రోగ్రాములు అనుమతించదగ్గ పరిమితి అని, మందుల్లోని లోహ మలినాల మీద ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకం ఐసీహెచ్ క్యూ3డీ చెబుతుంది. ఇది పేపర్లలో కనిపించదు. తెలిసిన స్కాలర్ వస్తే "ఈ అమ్మాయి మా వైపు నుంచి కూడా ఆలోచించింది" అనుకుంటాం.

వీటన్నిటికీ ప్రయోగం చేసి ఉండాలని లేదు. ఎలా ఆలోచిస్తారో వినాలి, అంతే. ప్రెజెంటేషన్‌లో విఫలమైన ప్రయోగాల స్లయిడ్ ఒకటి పెట్టండి. ఏది పనిచేయలేదు, ఎందుకు పనిచేయలేదని అనుకున్నారు, ఆ తర్వాత ఏం మార్చారు. నేనైతే ఆ స్లయిడ్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఆర్గానిక్ కెమిస్ట్రీ స్కాలర్:

చాలా థాంక్స్ సర్. సీవీలో మొదటి వాక్యం ఇలా ఉంది: "పలాడియం ఉత్ప్రేరిత సి–హెచ్ ఫంక్షనలైజేషన్ రంగంలో నూతన పద్ధతుల అభివృద్ధిపై పరిశోధన." దీన్ని ఎలా మార్చాలి? నిజానికి నేను చేసినది, రియాక్షన్‌లో వాడే సిల్వర్ లవణం ఖరీదు ఎక్కువని దాని స్థానంలో కాపర్, ఆక్సిజన్ పెట్టి చూడడం. పనిచేసింది. 5 గ్రాముల వరకు చేశాను. చిన్న స్థాయిలో 78 శాతం దిగుబడి వస్తే అక్కడ 71 వచ్చింది. ఇదంతా పేపర్‌తో పాటు ఇచ్చే సప్లిమెంటరీ సమాచారంలో ఉంది, సీవీలో రాయలేదు.

ప్రాసెస్ కెమిస్ట్, జీనోమ్ వ్యాలీ:

చూశారా, అసలు సరుకంతా సప్లిమెంటరీలో దాచిపెట్టారు! ఇలా రాయండి: "ఖరీదైన సిల్వర్ ఆక్సిడెంట్ స్థానంలో కాపర్–ఆక్సిజన్ వ్యవస్థను అభివృద్ధి చేశాను, 5 గ్రాముల స్థాయిలో 71 శాతం దిగుబడితో నిరూపించాను." ఇందులో గొప్పలు ఎక్కడున్నాయి? అన్నీ నోట్‌బుక్‌లో ఉన్న నిజాలే. డబ్బా కొట్టుకోవడమంటే చేయనిది చెప్పడం. కలిసి చేసిన పనిని పూర్తిగా మీ ఖాతాలో వేసుకోకండి, మీ వాటా ఎంతో చెప్పండి, చాలు.

అయితే ఒక హెచ్చరిక. ఆక్సిజన్ అనగానే ప్లాంట్ వాళ్ల కనుబొమలు పైకి లేస్తాయి. మండే ద్రావణి ఆవిరి మీద ఆక్సిజన్ అంటే పేలుడు ప్రమాదం. "నైట్రోజన్‌తో పలచబరిచిన ఆక్సిజన్ వాడవచ్చు, ఫ్లో రియాక్టర్‌లో (రియాక్షన్ సన్నని గొట్టాల్లో కొద్దికొద్దిగా, ఆగకుండా సాగే పరికరంలో) ప్రయత్నించవచ్చు" అని మీరే ముందుగా అంటే ఆ ప్రశ్న మీకు అనుకూలంగా మారుతుంది.

ల్యాబ్‌లో ఇంకేమేం చూసుకునేవారు? పరికరాలు, కొనుగోళ్లు, జూనియర్లు?

ఆర్గానిక్ కెమిస్ట్రీ స్కాలర్:

ఎన్ఎమ్ఆర్ స్లాట్లు రెండేళ్లు నేనే చూశాను. రసాయనాల ఇండెంట్లు, కొటేషన్లు కూడా. నలుగురు ఎమ్మెస్సీ విద్యార్థుల ప్రాజెక్టులు నా దగ్గరే జరిగాయి. ఇవి కూడా రాయాలా? ల్యాబ్‌లో అందరూ చేసేవే కదా.

నియామకాల విభాగం ఉద్యోగి, హైదరాబాద్:

తప్పకుండా రాయండి మేడమ్. అందరూ చేస్తారు, ఎవరూ రాయరు. "నలుగురు విద్యార్థుల ప్రాజెక్టులను మొదటి నుంచి చివరి వరకు పర్యవేక్షించాను" అన్న ఒక్క లైను మా దృష్టిలో "నాయకత్వ లక్షణాలు ఉన్నాయి" అన్న పేరాకన్నా బరువైనది. "కష్టపడి పనిచేస్తాను", "త్వరగా నేర్చుకుంటాను" లాంటివి ప్రతి సీవీలో ఉంటాయి, వాటి మీద కన్ను కూడా ఆగదు.

లింక్డ్‌ఇన్ గురించి అడిగారు. పేరు కింద "పీహెచ్‌డీ స్కాలర్" అని మాత్రమే ఉంటే వెతికేవాళ్లకు మీరు దొరకరు. "ఆర్గానిక్ కెమిస్ట్, క్రాస్-కప్లింగ్, స్కేల్-అప్" అని ఉంటే దొరుకుతారు. రోజూ పోస్టులు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు నమ్మకం లేదు. అంతకన్నా పనికొచ్చేది, తెలిసిన మనిషి ద్వారా లోపలికి వెళ్లే సీవీ.

"నాకెవరు తెలుసు?" అంటారేమో. మీ ల్యాబ్ నుంచి వచ్చిన పాత థీసిస్‌లు, భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉంటాయి. వాటిలో కృతజ్ఞతల పేజీ తెరవండి. ఐదేళ్ల క్రితం, పదేళ్ల క్రితం ఆ ల్యాబ్‌లో ఉన్న సీనియర్ల పేర్లన్నీ అక్కడే దొరుకుతాయి. ఆ పేర్లను లింక్డ్‌ఇన్‌లో వెతకండి. "ఉద్యోగం ఇప్పించండి" అని అడగకండి. "అదే ల్యాబ్ నుంచి వస్తున్నాను, మీ విభాగంలో పని ఎలా ఉంటుందో పదిహేను నిమిషాలు మాట్లాడగలరా?" అనండి. చాలామంది కాదనరు. ఖాళీ వచ్చినప్పుడు గుర్తుపెట్టుకునేదీ వాళ్లే.

పేటెంట్ ఏజెంట్, బెంగళూరు:

మధ్యలో ఒక మాట. మీ పనిలో దేనికైనా పేటెంట్ వేసే ఆలోచన మీ గైడ్‌కు ఉంటే, దరఖాస్తు దాఖలు కాకముందు ఆ రియాక్షన్ వివరాలు లింక్డ్‌ఇన్‌లో గానీ, పోస్టర్ ఫోటోలో గానీ పెట్టకండి. ఒకసారి బయటపడితే కొత్తదనం పోయిందని అభ్యంతరం వస్తుంది. ముందుగా ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి, పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలలు తీసుకోవచ్చు. ఇంటర్వ్యూ ప్రెజెంటేషన్‌కూ ఇదే జాగ్రత్త. ప్రచురించిన పని మాత్రమే చూపించండి.

ల్యాబ్‌లో నిలబడే ఉద్యోగమే కావాలని పట్టుదల లేకపోతే మా వైపు కూడా చూడండి. సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లు పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయవచ్చు, లా డిగ్రీ అక్కర్లేదు. పేపర్లు చదివి "ఇందులో కొత్తగా ఉన్నది ఏమిటి?" అని తేల్చడం మీకు ఎలాగూ అలవాటే.

చరిత్ర స్కాలర్, విశాఖపట్నం:

ఇవన్నీ కెమిస్ట్రీ వాళ్ల ముచ్చట్లు. కోస్తా రేవుల వ్యాపార చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్న నాకు ఏ కంపెనీ ఫోన్ చేస్తుంది? లెక్చరర్ పోస్టు తప్ప వేరే దారి ఉందా?

సామాజిక పరిశోధన సంస్థ సమన్వయకర్త, హైదరాబాద్:

ఉంది తమ్ముడూ, కాకపోతే మీరే తలుపు తట్టాలి. సర్వేలు, మూల్యాంకనాలు చేసే సంస్థలు, ప్రచురణ సంస్థలు, మ్యూజియంలు, భారతీయ భాషల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలు. వీళ్లెవరికీ రేవుల చరిత్ర అక్కర్లేదు. ఆర్కైవ్స్‌లో పత్రాలు వెతికి, నిజానిజాలు తేల్చి, పల్లెలకు వెళ్లి మనుషులతో మాట్లాడి, అదంతా గడువులోగా రెండు భాషల్లో రాయగల మనిషి కావాలి. ఆ పని మీరు ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారు.

కానీ సీవీలో "ఆర్కైవల్ రీసెర్చ్" అని రెండు మాటలు రాస్తే మాకు ఏమీ అర్థం కాదు. ఏ ఆర్కైవ్స్‌లో, ఏ కాలం నాటి, ఏ లిపిలోని పత్రాలు, ఎంతమందిని ఇంటర్వ్యూ చేశారు, వాళ్ల అనుమతి ఎలా తీసుకున్నారు, రికార్డింగులు ఎలా భద్రపరిచారు, అవి రాయండి. ఫీల్డ్‌వర్క్‌కు గ్రాంటు వచ్చి ఉంటే ఆ లెక్కలు మీరే చూసుకున్నారని కూడా రాయండి.

అన్నిటికన్నా ముందు, ఒక అధ్యాయాన్ని రెండు పేజీల నోట్‌గా మార్చండి. ఫుట్‌నోట్లు లేకుండా, చరిత్ర చదవని జిల్లా అధికారికి అర్థమయ్యేలా. దరఖాస్తుతో పాటు అది పంపండి. మా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో నేను మొదట తెరిచేది రాత నమూనానే. థీసిస్ మొత్తం జతచేసి పంపేవాళ్లూ ఉన్నారు, దాన్ని ఎవరు చదువుతారు చెప్పండి!

ఆర్గానిక్ కెమిస్ట్రీ స్కాలర్:

అందరికీ ధన్యవాదాలు. సీవీ రెండు పేజీలకు వచ్చింది. చివరగా రెండు సందేహాలు. ప్రస్తుత జీతం ఎంత అని అడిగితే ఏం చెప్పాలి? థీసిస్ ఇచ్చేశాక పేరు ముందు డాక్టర్ అని రాయవచ్చా?

నియామకాల విభాగం ఉద్యోగి, హైదరాబాద్:

జీతం కాలమ్‌లో "ఫెలోషిప్, నెలకు 42,000, ఇంటి అద్దె భత్యం అదనం" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. దాని మీద ముప్పై శాతం పెంచుతామని ఎవరైనా అంటే, అది జీతం కాదని, పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు ఆ పోస్టులో ఇచ్చే శ్రేణి ఎంతో చెప్పమని మర్యాదగానే అడగండి. సీనియర్లతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా కనుక్కోండి.

డాక్టర్ అని వైవా పూర్తయి ఫలితం వచ్చేదాకా వద్దు. "థీసిస్ సమర్పించాను" అని నెల, సంవత్సరంతో రాయండి. కంపెనీలు నేపథ్య తనిఖీలో విశ్వవిద్యాలయానికే రాసి అడుగుతాయి. సమర్పించినవాళ్లను చాలా కంపెనీలు తీసుకుంటాయి. సమర్పణ రసీదు, వైవా తర్వాత ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడుగుతాయి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం మూల్యాంకనమంతా ఆరు నెలల్లో ముగించాలి. అయినా పరీక్షల విభాగంలో మీ ఫైలు ఎక్కడుందో అప్పుడప్పుడు వెళ్లి చూసుకుంటూ ఉండండి.