ఎక్స్‌బాక్స్ అమ్మేసి పీఎస్ 5 తీసుకోనా? బెంగళూరు మనవాళ్లు మీ అనుభవం చెప్పండి

ధర్మవరం_టు_ఈసిటీ:
అందరికీ నమస్తే. ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటాను. నా దగ్గర మైక్రోసాఫ్ట్ వాళ్ల కన్సోల్ (టీవీకి తగిలించి ఆటలాడే పెట్టె) ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఉంది, 2021లో కొన్నాను. నిజానికి అప్పుడు కొందామనుకున్నది సోనీ వాళ్ల పీఎస్ 5, అంటే ప్లేస్టేషన్ 5. జనవరి 12 మధ్యాహ్నం ప్రీ-ఆర్డర్లు తెరిచారు. టీమ్ మీటింగ్ నడుస్తుంటే ఫోన్ టేబుల్ కింద పెట్టుకుని నొక్కుతూ కూర్చున్నాను, నిమిషాల్లో స్టాక్ అయిపోయింది. రెండింటి ధరా 49,990 రూపాయలే. దొరికిందే మనదనుకుని తర్వాత ఎక్స్‌బాక్స్ తీసుకున్నాను. తీసుకున్నాక దాని మీద ఇష్టం పెరిగింది. గేమ్ పాస్‌లో నెలకింత కడితే వందల ఆటలు, నాలాంటి కొత్త ఉద్యోగికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు మాత్రం మనసు నిలవట్లేదు. 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ సొంత కార్ల ఆట ఫోర్జా హొరైజన్ 5 పీఎస్ 5కి వెళ్లింది. ఆగస్టులో గేర్స్ ఆఫ్ వార్ వెళ్లింది. అక్టోబరులో ఏకంగా హేలో కూడా 2026లో అక్కడికి వస్తుందని ప్రకటించారు. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్ నిలబడిందే హేలో వల్ల. అదే అక్టోబరులో గేమ్ పాస్ పెద్ద ప్లాన్ అల్టిమేట్ నెల చందా అమెరికాలో 19.99 డాలర్ల నుంచి 29.99కి పెరిగింది, మన దగ్గరా బాగా పెంచారు. కంపెనీయే తన ఆటల్ని అవతలివాళ్లకి ఇస్తుంటే ఈ పెట్టె నేనెందుకు ఉంచుకోవాలి? పాత పోటీలు చూసినవాళ్లు, పోటీలో వెనకపడిన కన్సోల్ ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

పాత_క్యాసెట్టు:
తమ్ముడూ, ఈ కథ ఇంతకుముందు ఒకసారి జరిగింది.

మాది నెల్లూరు, బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు. తొంభైల్లో మా వీధి చివర షాపులో గంటకు ఐదు రూపాయలు తీసుకుని టీవీకి తగిలించిన వీడియో గేమ్ ఆడించేవాళ్లు. పసుపు రంగు క్యాసెట్టు, మీద 9999 ఇన్ 1 అని స్టిక్కరు. లోపలున్నవి పదో ఇరవయ్యో, అవే మళ్లీ మళ్లీ వచ్చేవి. బొమ్మ రాకపోతే క్యాసెట్టు తీసి, కింద రాగి గీతలున్న అంచు మీద గట్టిగా ఊది, మళ్లీ దింపేవాళ్లం. అవన్నీ నింటెండో ఫామికామ్‌కి నకళ్లని, అసలుది 1983లోనే జపాన్‌లో వచ్చిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా వీధి పిల్లలందరం ఆ కంపెనీ పేరు వినకుండానే ఆ కంపెనీ ఆటలు ఆడి పెరిగాం.

ఆ నింటెండోకి అమెరికాలో ఎదురు నిలిచింది సెగా అనే కంపెనీ. 1991లో సోనిక్ అనే ఆటని దించి, నింటెండో మారియో అభిమానులను తనవైపు లాక్కుంది. 1995 మేలో లాస్ ఏంజిలెస్‌లో ఈ3 అనే వీడియో గేముల ప్రదర్శన జరిగింది. సెగా తన కొత్త కన్సోల్ శాటర్న్ ధర 399 డాలర్లని, ఇప్పటికే కొన్ని షాపుల్లో దొరుకుతోందని చెప్పాపెట్టకుండా ప్రకటించింది. స్టాక్ అందని షాపులవాళ్లకి ఒళ్లు మండింది. కాసేపటికి సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదికెక్కి "299" అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు. అదే ప్లేస్టేషన్ ధర. నూరు డాలర్ల తేడా.

ఆ దెబ్బ నుంచి సెగా తేరుకోలేదు. 1998లో వచ్చిన డ్రీమ్‌కాస్ట్ మంచి మెషీన్, మోడెమ్ పెట్టెలోనే ఉండేది. కానీ 2000లో పీఎస్ 2 వచ్చింది. అందులో డీవీడీలు కూడా చూడొచ్చు. 2001 జనవరి 31న సెగా కన్సోళ్లు ఆపేస్తున్నట్టు చెప్పింది. ఆ డిసెంబరుకే సోనిక్ ఆట నింటెండో గేమ్‌క్యూబ్‌లో వచ్చింది. పదేళ్లు కొట్లాడినవాళ్ల ఇంట్లోకే వెళ్లింది. హేలో వార్త చదవగానే నాకు గుర్తొచ్చింది అదే.

హెబ్బాళ_ఫ్లైఓవర్:
అన్నా, పోలిక సగమే కుదురుతుంది. సెగా దగ్గర డబ్బు అయిపోయింది. మైక్రోసాఫ్ట్ 2014లో మైన్‌క్రాఫ్ట్‌ని 250 కోట్ల డాలర్లకి, 2023 అక్టోబరులో ఆటల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ని 6,870 కోట్ల డాలర్లకి కొంది. అంత పోశాక ఆ ఆటలకి ఒక్క పెట్టెలో తాళం వేసుకుంటే పెట్టుబడి వెనక్కి రాదు. అందుకే అందరికీ అమ్ముతున్నారు. ఇంట్లో పెట్టె పెట్టుకున్నవాడికి మాత్రం రెండూ ఒకటే, అది ఒప్పుకుంటాను.

జయనగర్_డిస్కులు:
నేను డిస్కుల లెక్క చెబుతాను, ఎందుకంటే మనలాంటి వాళ్లకి అసలు తేడా అక్కడే వస్తుంది. మన దగ్గర పీఎస్ 4 రోజుల్లో కొత్త పెద్ద ఆట 3,999 ఉండేది. పీఎస్ 5 వచ్చాక 4,999 అయింది. అంత పెట్టి కొని, రెండు మూడు వారాల్లో ముగించి, 3,500కి అమ్మేస్తాను. ఆ డబ్బుకి ఇంకో వెయ్యి కలిపి వేరేవాళ్ల డిస్కు తీసుకుంటాను. ఆరేళ్లుగా ఇదే పద్ధతి. ఆర్‌వీ రోడ్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కలుస్తాం. డిస్కు వెనక్కి తిప్పి, ఫోన్ టార్చ్ వాలుగా కొట్టి చూస్తాను. మధ్య నుంచి అంచు వైపు వెళ్లే గీత అయితే పర్లేదు, గుండ్రంగా తిరిగిన గీత ఉంటే తీసుకోను. రెండో రకం గీత లేజర్ చదివే దారి వెంబడే పోతుంది, అక్కడ ఆట ఆగిపోతుంది.

ఈ హక్కు మనకి ఊరికే మిగల్లేదు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ ప్రకటించినప్పుడు 24 గంటలకి ఒకసారి ఇంటర్నెట్‌కి కలపాలని, వాడిన డిస్కుల అమ్మకానికి షరతులని చెప్పారు. ధర 499 డాలర్లు. జూన్‌లో అదే ఈ3లో సోనీ పీఎస్ 4 ధర 399 అని, డిస్కు ఎవరికైనా ఇచ్చుకోండి, అమ్ముకోండి అని ప్రకటించింది. ఆట ఎలా పంచుకోవాలో చూపిస్తూ ఒక చిన్న వీడియో కూడా పెట్టారు. సోనీలో పనిచేసే షుహెయ్ యోషిదా ఆట డబ్బా పక్కనున్న ఆడమ్ బాయిస్ చేతికిస్తాడు, అతను థ్యాంక్స్ అంటాడు, అంతే. పది రోజుల లోపే మైక్రోసాఫ్ట్ తన షరతులు వెనక్కి తీసుకుంది. అవతల సోనీ లేకపోతే ఆ షరతులు మన మీద పడేవే, ఇవాళ ఆర్‌వీ రోడ్ మెట్ల మీద నాకు పనుండేది కాదు. తమ్ముడూ, నువ్వు కొంటే డిస్కు డ్రైవ్ ఉన్నదే కొను. డిజిటల్ మోడల్ తక్కువకి వస్తుందని ఆశపడొద్దు, ఆ మిగిలిన డబ్బు కొన్ని ఆటల్లోనే పోతుంది.

బెల్లందూరు_అమ్మ:
మా ఇంట్లో నింటెండో స్విచ్ ఉంది. ఆ కంపెనీ స్విచ్‌ని మన దేశంలో అధికారికంగా అమ్మలేదు, అందరూ బయటి నుంచి వచ్చిందే కొంటారు. మేం మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్లో తీసుకున్నాం. బిల్లు అడిగితే చేతిరాత చీటీ ఇచ్చారు, దాని మీద "ఏడు రోజులు టెస్టింగ్" అని ఉంది. గుండె దడదడలాడుతూనే డబ్బులిచ్చాను.

ఎనిమిదో నెలలో మా బాబు చేతిలోంచి జారి స్క్రీన్ పగిలింది. అధికారిక సర్వీస్ సెంటర్ లేదు. ఎస్పీ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన భూతద్దం పెట్టుకుని నా ముందే విప్పి, రెండున్నర గంటలు కూర్చుని కొత్త స్క్రీన్ వేశారు. బాబు అంతసేపూ ఆయన భుజం పక్కనే నిలబడి, స్క్రూలు ఏ గిన్నెలో వేస్తున్నారో చూస్తూ ఉన్నాడు.

ఇంత ఇబ్బంది పడి కూడా ఇంకెవరైనా అడిగితే స్విచ్ కొనమనే చెబుతాను. ఆదివారం మా అత్తగారు, బాబు, నేను ఒకే సోఫాలో కూర్చుని కార్లు పరిగెత్తిస్తాం. అత్తగారికి షుగర్ ఉంది, కళ్లు సరిగా కనబడవు, అయినా ఆ రంగులు పట్టుకోగలుగుతారు. మిగతా రెండు కంపెనీలు బొమ్మ ఎంత స్పష్టంగా ఉందని పోటీ పడుతుంటే వీళ్లు ఎవరెవరు కలిసి ఆడొచ్చని చూశారు.

పాత_క్యాసెట్టు:
అక్కా, అది వాళ్ల పాత అలవాటే. 1989లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ రంగుల్లేని తెరతో వచ్చింది. సెగా వాళ్ల గేమ్ గియర్‌కి రంగుల తెర ఉంది, కానీ ఆరు బ్యాటరీలు వేస్తే నాలుగైదు గంటలకే అయిపోయేవి. గేమ్ బాయ్‌కి నాలుగే సరిపోయేవి, పైగా ఎన్నో గంటలు నడిచేది. గెలిచింది గేమ్ బాయే. చేసింది గున్‌పెయ్ యోకోయి. పాతబడి చవకైన టెక్నాలజీని కొత్తగా వాడడం ఆయన పద్ధతి.

కానీ అదే నింటెండో పెద్ద తప్పు కూడా చేసింది. తమ కన్సోల్‌కి సీడీ డ్రైవ్ చేయడానికి సోనీతో ఒప్పందం ఉండేది. 1991లో సోనీ దాన్ని ప్రకటించిన మర్నాడే నింటెండో ఫిలిప్స్‌తో చేతులు కలిపినట్టు చెప్పింది. నిండు సభలో సోనీ పరువు పోయింది. సోనీలో కెన్ కుతరాగి ఆ పని వదల్లేదు. 1994 డిసెంబరులో అదే ప్లేస్టేషన్ అయి వచ్చింది. తన పోటీదారుని తనే తయారుచేసుకున్నట్టయింది.

మారతహళ్లి_పార్లర్:
నాకు మారతహళ్లిలో చిన్న గేమింగ్ పార్లర్ ఉంది, నాలుగు టీవీలు. మూడు పీఎస్, ఒకటి ఎక్స్‌బాక్స్ పెట్టి మొదలుపెట్టాను. చుట్టూ పీజీల్లో ఉండే మన కుర్రాళ్లే ఎక్కువ వస్తారు, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ కోసం క్యూ ఉంటుంది. ఎక్స్‌బాక్స్ ఖాళీగా ఉన్నా పీఎస్ కోసమే నిలబడతారు. ఎందుకని అడిగితే ఒకబ్బాయి "అన్నా, చిన్నప్పుడు మా మావయ్య పీఎస్ 2 మీద నేర్చుకున్నా, వేలు దానంతటదే ఆ బటన్ మీదకి పోతుంది" అన్నాడు. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో ఎడమ స్టిక్కు పైన ఉంటుంది, పీఎస్‌లో రెండూ కింద పక్కపక్కనే. అంత చిన్న తేడాకే ఓడిపోతామని భయం. ఆరు నెలలకి ఎక్స్‌బాక్స్ తీసేసి నాలుగోది కూడా పీఎస్ పెట్టాను. మన దగ్గర పీఎస్ 2 చవగ్గా ఎక్కువ ఏళ్లు దొరికింది, ఆ అలవాటే ఇప్పటికీ సోనీకి అన్నం పెడుతోంది.

మణికొండ_నుంచి_మహదేవపుర:
పీఎస్ 2 అన్నారు కాబట్టి చెప్పాలి. మిగతా ప్రపంచం పీఎస్ 3కి వెళ్లిపోయాక కూడా సోనీ ఇక్కడ పీఎస్ 2 మీద మన ఆటలు చేయించింది. 2009లో వచ్చిన హనుమాన్: బాయ్ వారియర్ చేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్. కబడ్డీ, గాలిపటాలు ఉన్న దేశీ అడ్డా చేసింది కూడా హైదరాబాద్ గేమ్‌శాస్త్రనే. ఆట గొప్పగా ఉందని అనను, మెట్లు ఎక్కేటప్పుడు కెమెరా తల తిప్పేది. కానీ ఇంటర్ చదివే రోజుల్లో డబ్బా మీద హనుమంతుణ్ణి చూసి, ఇది మన ఊళ్లో చేశారంటే నమ్మలేకపోయాను. నేనివాళ గేమ్ ఆర్ట్ పని చేస్తున్నానంటే ఆ డబ్బా ఒక కారణం.

హెబ్బాళ_ఫ్లైఓవర్:
ధర సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. 2007 ఏప్రిల్‌లో పీఎస్ 3 ఇక్కడికి వచ్చినప్పుడు 39,990. లోపల సెల్ ప్రాసెసర్, బ్లూ-రే డ్రైవ్, రెండూ ఖరీదే. అంతకు ముందే ఎక్స్‌బాక్స్ 360 చాలా తక్కువకి దొరుకుతోంది. అలాంటి సమయంలో 360కి ఎర్ర లైట్ల సమస్య వచ్చింది, పెట్టె పాడైతే ముందు ఎర్ర లైట్లు వెలిగేవి. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీ మూడేళ్లకి పెంచి, అందుకు 100 కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టింది. పక్కన పోటీ ఉంది కాబట్టే అంత ఖర్చుకి సిద్ధపడ్డారని నా నమ్మకం. పీఎస్ 3 కూడా ఏడాది ఏడాదికీ తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు చూడండి. పీఎస్ 5 వచ్చి ఐదేళ్లు దాటింది. మన దగ్గర 49,990తో మొదలై 2022 నవంబరులో 54,990 అయింది. అమెరికాలో 2025లో సోనీ పెంచింది, ఎక్స్‌బాక్స్ ఒకే ఏడాదిలో రెండుసార్లు పెంచింది. పాతబడే కొద్దీ ధర పెరిగే కన్సోల్‌ని నేను ఇంతకు ముందు చూడలేదు. చిప్పులు, సుంకాలు కారణాలే. కానీ ఒకరు తగ్గిస్తే ఇంకొకరు తగ్గించాలన్న భయం ఇప్పుడు ఎవరిలోనూ లేదు, నాకు బాధ అదే.

ధర్మవరం_టు_ఈసిటీ:
అందరికీ థ్యాంక్స్. శనివారం పెట్టె సంచిలో పెట్టుకుని మెట్రో ఎల్లో లైన్ ఎక్కి, ఆర్‌వీ రోడ్‌లో మారి, చిక్కపేటలో దిగి ఎస్పీ రోడ్డుకి వెళ్లాను. మొదటి షాపులో 17,000 అన్నారు, రెండో షాపులో 19,000. రెండోచోట పనిచేస్తోందో లేదో చూద్దామని టీవీకి తగిలించారు. ఆన్ చేయగానే నేను సగంలో ఆపిన ఆట అదే చోట మొదలైంది, వానలో రోడ్డు మీద నా కారు. డబ్బు లెక్కపెడుతున్నాయన ఆగి "బాగుందే" అన్నాడు. వైరు పీకి మళ్లీ సంచిలో పెట్టేసుకున్నాను.

ఉంచుకుంటున్నాను. 360 కాలం నాటి డిస్కులు మా అన్నయ్యవి పదకొండు ఉన్నాయి, వాటిలో తొమ్మిది దీంట్లో పనిచేస్తున్నాయి, పీఎస్ 5లో ఒక్కటీ పనిచేయదు. గేమ్ పాస్ మాత్రం వచ్చే నెల నుంచి ఆపేస్తున్నాను. సంక్రాంతి తర్వాత డిస్కు డ్రైవ్ ఉన్న వాడిన పీఎస్ 5 వెతుకుతాను. జయనగర్ అన్నా, మీ దగ్గర పీఎస్ 5 డిస్కులు ఏమేం ఉన్నాయి?

జయనగర్_డిస్కులు:
ప్రస్తుతానికి నాలుగు ఉన్నాయి, లిస్టు మెసేజ్ చేస్తాను. కన్సోల్ చూడడానికి వెళ్లేటప్పుడు చెప్పు, నేనూ వస్తాను. గాలి బయటికి పోయే సందుల్లో దుమ్ము ఎంత పట్టిందో చూస్తే, అమ్మేవాడు దాన్ని ఎలా వాడాడో తెలిసిపోతుంది. ఆదివారం పొద్దున పదిన్నరకి ఆర్‌వీ రోడ్, గ్రీన్ లైన్ వైపు మెట్లు.