సముద్రం దగ్గర ఇల్లు: గేటు, పోర్టికో, డాబా, పెరటి లైట్లకు ఏ ఐపీ రేటింగ్ తీసుకోవాలి?

తగరపువలస_కొత్తిల్లు:
నమస్కారం అందరికీ. భీమిలి వైపు, సముద్రానికి సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరంలో జీ ప్లస్ వన్ ఇల్లు కడుతున్నాం. గోడలు లేచాయి, వచ్చే వారం ప్లాస్టరింగ్ మొదలు. ఈలోగా బయటి లైట్ల పాయింట్లన్నీ తేల్చి చెప్పమని ఎలక్ట్రీషియన్ అడుగుతున్నారు. లైట్లు కావలసిన చోట్లు ఇవి: గేటు స్తంభాల మీద రెండు, పోర్టికో సీలింగు, ప్రహరీ వెంట 18 మీటర్ల నడవ, బయటి మెట్లు, డాబా, పెరట్లో అంట్లు తోముకునే చోటు, ముందున్న చిన్న తోట. కొట్టువాళ్ళు ఏది చూపించినా "వాటర్‌ప్రూఫేనండీ" అంటున్నారు. ఎక్కడ ఏ రేటింగ్ ఉండాలి? ఉప్పుగాలికి మెటల్ బాడీ మంచిదా, ప్లాస్టిక్కా? సోలార్ పెట్టుకుంటే వైరింగ్ ఖర్చు తప్పుతుందా?

ఉప్పుగాలి:
వాటర్‌ప్రూఫ్ అన్న మాటను పక్కన పెట్టి, డబ్బా మీద ఐపీ అంకె ఉందో లేదో చూడండి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్ళకి. రెండో అంకె 4 అయితే చిందే నీళ్ళకు మాత్రమే ఆగుతుంది. 5 అయితే 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్లు అన్ని వైపుల నుంచీ చిమ్మి పరీక్షిస్తారు. 6 అయితే నిమిషానికి 100 లీటర్లు. 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ముంచడం.

మామూలుగా పోర్టికో లోపలికి ఐపీ44 చాలంటారు. మన తీరంలో నేనైతే ఆ మాట ఒప్పుకోను. తుపాను గాలికి వాన అడ్డంగా కొడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు సజ్జ కింద ఉన్నది కూడా తడిసిపోయింది. మీ ఇంటికి నా లెక్క ఇదీ: పోర్టికోకి ఐపీ65కి తగ్గకుండా 10 లేదా 12 వాట్లు. మెట్లకు, నడవకు ఐపీ65, ఒక్కోటి 3 వాట్లు, రెండు మీటర్లకొకటి చొప్పున పాదాల ఎత్తులో. గేటు స్తంభాలకు, డాబాకు ఐపీ66. నేలలో పాతే లైటుంటే ఐపీ67. పెరట్లో పైపు పెట్టి కడుగుతారు కనుక అక్కడా ఐపీ65 కావాలి. పిల్లలు గేటు దగ్గర బంతాట ఆడతారంటే దెబ్బ తట్టుకునే ఐకే08 కూడా చూడండి.

బాడీ విషయానికొస్తే, ఇనుప రేకు మీద పెయింటు వేసినవి మీకు వద్దే వద్దు. అల్యూమినియం డైకాస్ట్ పరవాలేదు కానీ పౌడర్ కోటింగ్‌కి గీత పడితే ఆ గీత కింద నుంచి తెల్లటి పొడి లేచి పొక్కుతుంది. 304 స్టెయిన్‌లెస్ మీద కూడా ఇక్కడ గోధుమరంగు మచ్చలు వస్తాయి, 316 రకం మెరుగు. యూవీ తట్టుకునే పాలీకార్బొనేట్ బాడీకి తుప్పు భయమే లేదు, ధరా తక్కువ. ముందు చెడేది ఎప్పుడూ స్క్రూలే, అవి మాత్రం స్టెయిన్‌లెస్‌వి అడిగి మరీ మార్పించుకోండి. రెండు నెలలకోసారి మంచినీళ్ళతో తుడిస్తే ఉప్పు పేరుకోదు.

వైరుపని:
పైవారు చెప్పింది సరైనదే. కానీ లైటు పాడయ్యేది ఎక్కువగా ముందు నుంచి పడే వానకి కాదండీ, వెనక పైపులోంచి వచ్చే నీళ్ళకి. డాబా మీద మూత లేని పైపు చివర ఉంటే వాన నీరు అందులో దిగి, గోడలోని పైపు వెంట నేరుగా లైటు వెనక తేలుతుంది. అప్పుడు ఐపీ66 ఫిట్టింగూ లోపల చెరువే. ప్లాస్టరింగ్‌కి ముందే సరిచేసుకోవలసింది ఇదే.

పైపు డాబా మీదకు వచ్చే చోట చివరను కిందికి వంచండి, లేదా మూత బిగించి సీల్ చేయండి. గోడ పాయింటులో పైపు బయటి వైపుకు కాస్త వాలుగా ఉండాలి. గేటు స్తంభం తల మీద పైపు చివర కాంక్రీటు కన్నా 25 మిల్లీమీటర్లు పైకి నిలవాలి, స్తంభం తలకు నాలుగు వైపులా వాలు ఇవ్వాలి. తల చదునుగా ఉంటే నిలిచిన నీరు వైరు రంధ్రంలోకే పోతుంది.

రెండోది గ్లాండ్, అంటే కేబుల్ లైటులోకి వెళ్ళే రంధ్రం దగ్గర రబ్బరుతో బిగించే బిరడా. మీ ఎలక్ట్రీషియన్ రెండు విడి వైర్లు గ్లాండ్‌లోంచి లాగేస్తే వైర్ల మధ్య సందు మిగులుతుంది, రబ్బరు ఎంత బిగించినా మూసుకోదు. గుండ్రటి మూడు కోర్ల కేబుల్ వాడాలి. ఎం20 గ్లాండ్ సాధారణంగా 6 నుంచి 12 మిల్లీమీటర్ల కేబుల్‌ను పట్టుకుంటుంది, కేబుల్ మందం కొలిచి గ్లాండ్ కొనండి. లైటు వెలిగితే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆర్పాక చల్లబడి, ఎక్కడ సందుంటే అక్కడి నుంచి తేమను లోపలికి పీల్చుకుంటుంది. గ్లాసు లోపల ఆవిరి పట్టడానికి అదే కారణం. కేబుల్ లైటులోకి ఎక్కే ముందు కిందికి ఒక వంపు తిరిగితే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఫిట్టింగుకీ గోడకీ మధ్య సిలికాన్ పై అంచుకు, రెండు పక్కలకు మాత్రమే పెట్టండి. కింది అంచు వదిలేయండి, లోపలికి చేరిన నీరు అక్కడి నుంచే పోవాలి. పులుపు వాసన వచ్చే సిలికాన్ వాడకండి, అందులోని ఆమ్లం రాగి చివరలను తినేస్తుంది. న్యూట్రల్ రకమని అడగండి. పైపులో వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడమన్నది అసలు వద్దు, జాయింటు ఎప్పుడూ అందుబాటులో ఉండే జంక్షన్ బాక్స్‌లోనే ఉండాలి.

బయటి లైట్లన్నిటికీ ఒక ప్రత్యేక ఎంసీబీ (లోడు మించితే ఆగే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి. ఒక లైటులో నీరు చేరితే ఇల్లంతా చీకటి కాకుండా, ఫ్రిజ్ ఆగకుండా ఉంటుంది. ఆ లైట్ల న్యూట్రల్ కూడా అదే ఆర్‌సీసీబీ నుంచే రావాలి. పక్క సర్క్యూట్ న్యూట్రల్ అరువు తెచ్చి కలిపితే కారణం దొరకని ట్రిప్పులు మొదలవుతాయి. మెటల్ బాడీ లైటుకి ఎర్త్ వైరు తప్పనిసరి.

తగరపువలస_కొత్తిల్లు:
చాలా ఉపయోగంగా ఉంది. అడగవలసినవి రెండు. ఐపీ67 అన్నిటికన్నా పెద్ద అంకె కదా, అవే అన్ని చోట్లా పెట్టేస్తే సరిపోదా? తోటలో కొబ్బరిచెట్టు కింద ఐదు లైట్లకు 12 వోల్టులవి చెప్పారు, మీటరు బోర్డు నుంచి అక్కడికి 20 మీటర్లు.

పెరటితోట:
పెద్ద అంకె అన్నిటికీ పెద్దది కాదు. ఐపీ67 అన్నది ముంచే పరీక్ష, జోరుగా చిమ్మే నీటి పరీక్షలో నెగ్గిందని దాని అర్థం కాదు. రెంటికీ నిలిచే లైటైతే ఐపీ66/ఐపీ67 అని రెండూ రాస్తారు. గేటుకి ఐపీ66 రాసినదే తీసుకోండి.

12 వోల్టులది తోటకి మంచి ఎంపికే, పార తగిలినా ప్రాణభయం లేదు. కానీ లెక్క చూడండి. ఐదు లైట్లు, ఒక్కోటి 5 వాట్లు అంటే 25 వాట్లు, సుమారు 2.1 ఆంపియర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 20 మీటర్లు వెళ్ళి 20 మీటర్లు తిరిగి వస్తే నిరోధం 0.48 ఓములు. దారిలో ఒక వోల్టు పోతుంది, చివరి లైటు మసకగా కనిపిస్తుంది. 2.5 వైరు వేస్తే నష్టం 0.6 వోల్టులకు దిగుతుంది. ఇంకా మేలైన దారి, 230 వోల్టులను ఆర్మర్డ్ కేబుల్‌తో (ఉక్కు తీగల తొడుగున్నది) తోట అంచు వరకు తెచ్చి, దాన్ని 12 వోల్టులకు మార్చే డ్రైవర్‌ను ఐపీ65 బాక్స్‌లో నేలకి 300 మిల్లీమీటర్ల ఎత్తున గోడకు బిగించడం. లోడు 25 వాట్లు కదా, డ్రైవర్ 40 వాట్లది తీసుకోండి, మూసిన బాక్స్‌లో వేడికి ఎల్‌ఈడీ కన్నా డ్రైవరే ముందు పోతుంది.

కేబుల్‌ను 600 మిల్లీమీటర్ల లోతున, కింద పైన ఇసుక పోసి, మీద ఇటుకలు పరిచి పూడ్చండి. తర్వాత మొక్క నాటేటప్పుడు ఇటుక తగిలితే చేయి ఆగుతుంది. నేలలో దింపే లైటు కింద 200 మిల్లీమీటర్ల కంకర పోయండి. బంకమట్టిలో గుంత తవ్వి పెడితే వానాకాలమంతా అది నీళ్ళ గిన్నెలోనే ఉంటుంది.

వెలుగు రంగు 2700 లేదా 3000 కెల్విన్, అంటే పసుపు ఛాయది ఎంచుకోండి. తొలకరికి ఉసిళ్ళు తెల్లని 6500 కెల్విన్ లైటుకే ఎక్కువగా వచ్చిపడతాయి. తలుపు పక్కన లైటుకు ఇది మరీ ముఖ్యం.

ఉప్పుగాలి:
సోలార్ గురించి ఎవరూ చెప్పలేదు. జులై నుంచి సెప్టెంబరు వరకు మబ్బు పట్టి ఉన్న రోజుల్లో బ్యాటరీ నిండదు, మీకు లైటు ఎక్కువ కావలసింది కూడా అప్పుడే. గేటుకీ, మెట్లకీ దాన్ని నమ్ముకోవద్దు. నడవలో అదనంగా పెట్టుకోవచ్చు, కొబ్బరాకు నీడ పడని చోట, ప్యానెల్ దక్షిణానికి తిప్పి.

డాబా మీద 20 వాట్ల ఫ్లడ్ లైటుకి మోషన్ సెన్సర్ పెడితే 2.5 మీటర్ల ఎత్తున పెట్టండి. మనిషి ఎదురుగా రావడం కన్నా దాని ముందు అడ్డంగా నడిస్తే బాగా పసిగడుతుంది, మెట్ల తలుపును పక్క నుంచి చూసేలా తిప్పండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ఎదురుగా ఉంటే ఆ వేడిగాలికి ఊరికే వెలుగుతుంది. గేటుకి ఫోటోసెల్ (చీకటి పడగానే లైటు వెలిగించే సెన్సర్) పెడితే దాని కన్ను గేటు లైటు వెలుగు పడని వైపుకు ఉండాలి, లేదంటే రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

వైరుపని:
ఒక్కటి మిగిలింది. ప్లాస్టరింగ్‌కి ముందే వైర్లు లాగేస్తుంటే, లైట్లు బిగించకుండా 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే మీటరు) ఒక్కో లైనూ కొలిపించండి. ఒక మెగా ఓముకు తగ్గితే ఆ లైను ఎక్కడో ఒరుసుకుంది లేదా తడిసింది, గోడ మూయకముందే వెతకడం సులువు. ప్రతి పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ఫోను కెమెరాతో, పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీసుకోండి. తర్వాత గోడకి మేకు కొట్టేటప్పుడు అవి అక్కరకొస్తాయి.

తగరపువలస_కొత్తిల్లు:
రేపు ఉదయం ఎలక్ట్రీషియన్ గారు వస్తారు. ముందు డాబా మీద తెరిచి ఉన్న మూడు పైపుల చివరలు వంపించి, స్తంభాల తలలకు వాలు వేయిస్తాను. మెగ్గర్ వాళ్ళ దగ్గర ఉందో లేదో ఇప్పుడే అడుగుతాను.