కొండల మీదుగా వెళ్లేటప్పుడు ఆల్టిమీటర్‌లో ఏ ప్రెషర్ పెట్టాలి?

పర్లాకిమిడి కుర్రాడు:
అందరికీ నమస్కారం. పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను, సెస్నా 172. వైజాగ్ నుంచి జయపురం రూటు ప్లాన్ వేస్తూ ఆల్టిమీటర్ (గాలి ప్రెషర్‌ని బట్టి ఎత్తు చూపే మీటరు) దగ్గర ఆగిపోయాను. క్యూఎఫ్‌ఈ (దిగే చోట నేల మీది ప్రెషర్) పెట్టుకో, దిగేసరికి ముల్లు సున్నాకి వస్తుంది, లెక్క సులువు అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఇంకొకడేమో 1013 (హెక్టోపాస్కల్స్‌లో ప్రామాణిక ప్రెషర్) పెట్టేసి వదిలెయ్యమంటాడు. మధ్యలో అరకు కొండలున్నాయి కదా, పెద్దలు కాస్త చెప్పండి.

జయపురం మాస్టారు:
బాబూ, క్యూఎన్‌హెచ్ పెట్టు, అంటే అక్కడి ప్రెషర్‌ని సముద్రమట్టానికి లెక్కగట్టిన అంకె. ఇందులో రెండో మాట లేదు. మ్యాపులో కొండల ఎత్తులన్నీ సముద్రమట్టం నుంచే రాస్తారు. నీ కుడిచేతి వైపు దూరంగా ఉండే దేవమాలి 5,486 అడుగులు. ముల్లు కూడా సముద్రమట్టం నుంచే చూపిస్తే ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. మబ్బు కమ్ముతుంటే, విమానం కుదుపుతుంటే మనసులో తీసివేతలు చేస్తూ కూర్చోలేం.

పైగా మా జయపురం స్ట్రిప్ దాదాపు 2,000 అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడి క్యూఎఫ్‌ఈ 940 చుట్టుపక్కల ఉంటుంది. మామూలు ఆల్టిమీటర్‌లో ప్రెషర్ కనిపించే చిన్న కిటికీలో అంకెలు కిందికి 950 దగ్గరే అయిపోతాయి. మీ ఫ్రెండు పెడదామన్నా పట్టదు!

1013 అనేది ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (క్యూఎన్‌హెచ్ వదిలి 1013కి మారే ఎత్తు) దాటి పైన తిరిగేవాళ్లకి. అందరూ ఒకే అంకె పెట్టుకుంటే విమానాల మధ్య ఎడం నిలుస్తుంది, దాని పని అంతే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ప్రెషర్ 1001కి పడిందనుకో. ఒక్కో హెక్టోపాస్కల్‌కి సుమారు 28 అడుగులు. 1013 అలాగే వదిలేస్తే ముల్లు 6,500 అంటుంది, నువ్వు 6,200 కంటే కిందే ఉంటావు. ఆ రోజుల్లోనే కొండలకి మబ్బు పట్టి ఉంటుంది. నాకు భయమంతా అక్కడే.

బరంపురం టెక్నీషియన్:
మాస్టారి మాటకి ఇంకొకటి కలుపుతాను తమ్ముడూ. బయల్దేరే ముందు నేల మీదే క్యూఎన్‌హెచ్ పెట్టి చూడు. ముల్లు ఆ ఎయిర్‌పోర్టు ఎత్తుకి 60 అడుగులు మించి తేడా చూపిస్తే ఎగరొద్దు, మెకానిక్‌ని పిలువు.

పర్లాకిమిడి కుర్రాడు:
చాలా థాంక్స్ మాస్టారూ, అన్నా. రేడియోలో ఎవరూ పలకని చిన్న స్ట్రిప్ నుంచి టేకాఫ్ అయితే?

జయపురం మాస్టారు:
స్ట్రిప్ ఎత్తు చార్టులో ఉంటుంది. ముల్లు ఆ ఎత్తు చూపేదాకా నాబ్ తిప్పు, కిటికీలో కనిపించేదే నీ క్యూఎన్‌హెచ్. రాత్రి నిలిపిన విమానం తెల్లారేసరికి వంద అడుగులు ఎక్కువ చూపిస్తోందంటే ప్రెషర్ పడిందన్నమాట, వాతావరణం కబురు మళ్లీ కనుక్కో. గాల్లోకి లేచాక దగ్గర్లో ఉన్న స్టేషన్‌ని అడిగి మార్చుకుంటూ వెళ్లు. చెప్పిన అంకె తిరిగి అప్పజెప్పడం మానొద్దు. 1002ని 1012గా వింటే 280 అడుగులు పోతాయి.